కన్నం పడని డబ్బా

అబ్దుల్ షుకూర్ అంటే ఆ కేంద్రంలో ఎవరికీ పడేది కాదు. పడేది కాదని మర్యాద కొద్దీ అంటున్నాను గానీ, ఆయన ఎదురొస్తుంటే జనం దారి మార్చి, ఎండలో పడి భవనం చుట్టూ తిరిగి వెళ్ళేవారు. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద, సరుగుడు తోటల పక్కన ఉండేది ఆ మట్టి పరిశోధన కేంద్రం. పేరెందుకు లెండి. అందులో రసాయనాల గదికి షుకూర్ స్టోర్ కీపరు. 2007 నాటికి ఆయనకు యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆ గది తాళాలు ఆయన మొలకే వేలాడుతున్నాయి.

ఇల్లు తెనాలిలో. పొద్దున్నే ప్యాసింజరెక్కి, బాపట్లలో దిగి, స్టేషన్లో పెట్టుకున్న సైకిలు తొక్కుకుంటూ తొమ్మిదిన్నరకల్లా గది తలుపు తీసేవాడు. రైల్లోనైనా నోరు మూసుకుని కూర్చునే రకమా అంటే, అబ్బే! ఎవడైనా రైతు పురుగుమందు సీసాని అన్నం క్యారేజీ పక్కన పెట్టుకున్నాడో, చుండూరు నుంచి అప్పికట్ల దాకా వాడికి చీవాట్లే. "మీ నోటికి జడిసి మన వీధిలోకి కూరగాయల బండి కూడా రావట్లేదండీ" అని ఆయన భార్య అమీనా బీ మొత్తుకునేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఏ మాటకా మాట చెప్పుకోవాలి. పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. యాసిడ్లు ఒక గోడకు, మండే ద్రవాలు ఎదుటి గోడకు. ప్రతి సీసా మీదా ఇంగ్లీషు పేరు కింద తెలుగులో తనే రాసి అంటించేవాడు, చదువు అంతంతమాత్రమైన వాళ్ళకి కూడా తెలియాలని. గది బయట ఎప్పుడూ నీళ్ళు వచ్చే కుళాయి ఒకటి పెట్టించాడు. గుమ్మం పక్కన ఎర్ర రంగుతో బోర్డు రాయించాడు. ఒంటి మీద చుక్క పడినా సరే, ముందు కుళాయి కింద పెట్టాలి, ఆ వెంటనే స్టోరుకు వచ్చి చెప్పాలి అని. బోర్డు బాగానే ఉంది. వచ్చి చెప్పాల్సింది షుకూర్‌కి. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ మనిషి అలా తయారవడానికి కారణం లేకపోలేదు. వాళ్ళ నాన్నకు తెనాలిలో ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టే కొట్టు ఉండేది. గిన్నెలు తోమే యాసిడ్‌ని ఆ పెద్దమనిషి సోడా సీసాలో పోసి మూలన పెట్టాడు. తమ్ముడు ఇర్షాద్ బడి నుంచి దాహంతో వచ్చి, సోడా అనుకుని ఎత్తి తాగేశాడు. బతికాడు గానీ ఆ తర్వాత వాడి గొంతులోంచి మాటన్నది సరిగ్గా రాలేదు. అప్పుడు షుకూర్‌కి పన్నెండేళ్ళు. ఖాళీ సీసా కనబడితే పగలగొట్టడం, ఖాళీ డబ్బా కనబడితే మేకు దించి కన్నం పెట్టడం ఆయనకు అక్కడి నుంచి పట్టుకుంది.

ఈ కన్నం పెట్టడమే జనానికి కంటగింపు అయింది. ఆయన రాకముందు ఖాళీ డబ్బాలను సిబ్బంది వంతులవారీగా ఇళ్ళకు తీసుకెళ్ళేవారు. ఒకరు కిరసనాయిలు పోసుకునేవారు, ఒకరు పప్పు పోసుకునేవారు. సముద్రం వైపు పల్లెల నుంచి పనికొచ్చే వాళ్ళకైతే ఆ డబ్బాలు మరీ అవసరం. మూత బిగించి వలకి కడితే నీళ్ళ మీద తేలుతుంది, వల ఎక్కడుందో పడవలోంచి కనబడుతుంది. కన్నం పెట్టిన డబ్బా తేలుతుందా? మునుగుతుంది.

వెంకటసుబ్బులు అలాంటి పల్లెలోని మనిషే. మొగుడు నాగులు వేటకు వెళ్తాడు. ఆమె కేంద్రంలో రోజు కూలికి గాజుసామాను కడుగుతుంది. "ఒక్క డబ్బా ఇప్పించండి సాయిబుగారూ, పదిసార్లు కడుక్కుంటాను, తాగే నీళ్ళు పొయ్యను, వలకే కట్టుకుంటాం" అని ఒకసారి గుమ్మంలో నిలబడి బతిమాలింది. షుకూర్ ఏం చేశాడో తెలుసా? ఆమె చూస్తుండగానే చేతిలో డబ్బా బల్ల మీద పెట్టి, మేకు ఆనించి, సుత్తితో ఒక్కటిచ్చాడు. "ఇంద, పట్టుకుపో" అన్నాడు. ఇది మనిషి చేసే పనేనా? కన్నం పెడితే పెట్టాడు, చెప్పి పెట్టొచ్చు కదా. ఆమె ఆ డబ్బా ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

ల్యాబు టెక్నీషియన్ కోటేశ్వరరావుది ఇంకో కథ. అతను పెరుగన్నం క్యారేజీని రసాయనాలు పెట్టే ఫ్రిజ్‌లో పెట్టాడు. తప్పే, కాదనను. షుకూర్ ఆ క్యారేజీ తీసి, పదిమందీ చూస్తుండగా పెరుగన్నాన్ని మురిక్కాలవలో గుమ్మరించి, ఖాళీ క్యారేజీని అతని బల్ల మీద పెట్టాడు. అది మొదలు ఇద్దరికీ మాటల్లేవు. పనేదైనా ఉంటే చీటీ రాసి పంపుకునేవారు.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేయాలి. రెండేళ్ళ క్రితం స్పిరిటు సీసా ఒకటి పోయింది. దొంగ బయటపడతాడని షుకూర్ ఒక ఎత్తు వేశాడు. అందులో విషం కలిసిందనీ, ముట్టుకున్నవాడు సాయంత్రానికి పోతాడనీ కేంద్రమంతా చాటాడు. పాపం, తీసిన స్వీపరు ఏడ్చుకుంటూ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. విషం లేదు గిషం లేదు. ఆ స్వీపరు ఉద్యోగం పోయింది. ఆ రోజు నుంచి షుకూర్ నోటెంట ఏ మాటొచ్చినా జనం నమ్మడం మానేశారు.

ఇక ఆ మంగళవారం సంగతి. మట్టిలో పొటాష్ మొత్తం ఎంతుందో తేల్చడానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. అది గాజును కూడా తినేస్తుంది, అందుకని మందపాటి తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది. దాని దుర్మార్గం ఏమిటంటే, ఒంటి మీద పడితే మిగతా యాసిడ్లలాగా వెంటనే భగ్గుమనదు. నీళ్ళు పడ్డాయేమో అనిపిస్తుంది. నిమ్మళంగా చర్మం లోపలికి దిగి, ఎముక దాకా పోతుంది. నొప్పి మొదలయ్యేసరికి పూటో అరపూటో అయిపోతుంది. ఎక్కువ పడితే గుండె కూడా ఆగిపోవచ్చు. అందుకే అది వాడేటప్పుడు స్టోర్ కీపరు పక్కనే నిలబడి, పని అయ్యాక ఖాళీ డబ్బాను తన చేత్తో వెనక్కి తీసుకోవాలని రూలు. ఆ రూలు పట్టుబట్టి రాయించింది ఎవరనుకున్నారు? షుకూరే.

ఆ రోజు ఆయన పక్కన నిలబడలేదు. కోటేశ్వరరావు మొహం గంటసేపు చూస్తూ ఒకే గదిలో నిలబడటం ఆయన వల్ల కాలేదు. డబ్బాను ల్యాబు గుమ్మంలో పెట్టి, చీటీ మీద సంతకం తీసుకుని, వెనక్కి తిరిగి వచ్చేశాడు.

రెండున్నరకి డబ్బా కోసం వెళ్ళాడు. "సింకు దగ్గర పెట్టాను" అన్నాడు కోటేశ్వరరావు, తలెత్తకుండానే. సింకు దగ్గర డబ్బా లేదు.

షుకూర్ వరండాలోకి వచ్చి ఒక్క కేక వేశాడు. "ఎవడ్రా ఆ దొంగ? డబ్బా ఎత్తుకుపోయిన దొంగ వెధవ ఎవడు?" చూశారా, ఆయన నోట ముందు వచ్చిన మాట దొంగ అని. ఆ ఒక్క మాటతో కేంద్రంలో ఉన్నవాళ్ళందరి నోళ్ళకీ తాళం పడింది. ఆయన సంచులు వెతికాడు, మోటారు సైకిళ్ళ డిక్కీలు తీయించాడు, ఆడవాళ్ళ టిఫిన్ బుట్టలు కూడా వదల్లేదు. అరగంట అలా తగలేశాడు.

తర్వాత మళ్ళీ సింకు దగ్గరికి వచ్చి వంగి చూశాడు. తొట్టిలో ఒక గాజు గిన్నె ఉంది. దాని అడుగు మసకబారి, పాలలాగా తెల్లబడి ఉంది. డబ్బాలో మిగిలిన యాసిడ్ ఎవరో అందులోకి వంపారు. గిన్నె పక్కన తడి గ్లౌజు ఒకటి పడుంది. తీసి వెలుగుకి పెట్టి చూశాడు. రెండు వేళ్ళ దగ్గర చిల్లులు. డబ్బా పోతే పోయింది. ఆ యాసిడ్ ఒక మనిషి వేళ్ళలోకి దిగుతూ ఉంది. ఆ మనిషికి ఆ సంగతే తెలియదు.

గాజుసామాను కడిగేవాళ్ళు ముగ్గురు. ఇద్దరు అక్కడే ఉన్నారు. వాళ్ళ చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, బాగానే ఉన్నాయి. "వెంకటసుబ్బులు ఏదీ?"

"పొద్దున్నే జొరమని ఇంటికెళ్ళిపోయిందండి. మీరు డబ్బా తేకముందే వెళ్ళింది" అంది వాళ్ళలో పెద్దది, కమలమ్మ. కళ్ళు ఆర్పకుండా చెప్పింది. రెండోది తల ఊపింది.

గేటు దగ్గర వాచ్‌మన్ హనుమయ్యని అడిగాడు. "అవునండి, పొద్దున్నే ఎల్లింది" అన్నాడు హనుమయ్య. అతని పెదవి చివర నవ్వు కనబడింది.

"హనుమయ్యా, ఇది దొంగతనం సంగతి కాదు. ఆ యాసిడ్ పడితే ఇప్పుడు ఏం తెలియదు. సాయంత్రానికి వేళ్ళు పోతాయి. ప్రాణం కూడా పోవచ్చు. ఎవరో చెప్పు."

"ముట్టుకున్నోడు సాయంత్రానికి పోతాడా?" అన్నాడు హనుమయ్య. "రెండేళ్ళ కిందట కూడా ఇదే చెప్పారుగా భాయ్. ఆ స్వీపరు మా చెల్లెలి మొగుడండి. మీకు గుర్తుందో లేదో."

షుకూర్‌కి గుర్తుంది మరి. మూడుంబావు అయింది. వరండాలో జనం గుంపుగా చేరి వినోదం చూస్తున్నట్టు చూస్తున్నారు. సాయిబుకి ఈసారి తిక్క కుదిరిందని ఎవరో అన్నారు, ఇంకెవరో కిసుక్కుమన్నారు. ఆయన అరిచాడు. బతిమాలాడు. మళ్ళీ అరిచాడు. ఎంత అరిస్తే అంత బిగుసుకుపోయారు.

చివరికి కేంద్రం పెద్ద, శాస్త్రవేత్త పూర్ణచంద్రరావు గదిలోకి వెళ్ళాడు. తలుపు బార్లా తీసే ఉంచాడు. జనం గుమ్మం దాకా వచ్చారు. "ఒక కాయితం ఇప్పించండి సార్" అన్నాడు. నిలబడే రాశాడు. యాసిడ్ వాడేటప్పుడు దగ్గర ఉండాల్సింది తనేననీ, ఉండలేదనీ, డబ్బా పోవడానికి పూర్తి బాధ్యత తనదేననీ, దీని గురించి ఇంకెవరినీ ఏమీ అడగనక్కర్లేదనీ. రాసింది పైకి చదివి సంతకం పెట్టాడు.

పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీశాడు. "ఏవయ్యా, మతి పోయిందా? ఇది ఫైల్లో పెడితే నీ చేతిలో ఆ తాళాలుండవు. పై వాళ్ళు నిన్ను ఇక్కడ ఉంచరు. కూలివాళ్ళెవరో ఎత్తుకుపోయారని రాయి, సరిపోతుంది."

"పెట్టండి సార్" అన్నాడు షుకూర్. మొలకున్న తాళాలు విప్పి ఆ కాయితం మీద పెట్టాడు. గుమ్మంలో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. "ఇప్పుడు దొంగ నేనే. రాసిచ్చేశాను. ఆ చేతులెవరివో చెప్పండయ్యా. మీకు దణ్ణం పెడతాను" అని నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

హనుమయ్య కూడా గేటు వదిలి వచ్చి జనం వెనక నిలబడి ఉన్నాడు. అతనే, "సుబ్బులే. పన్నెండుకి కొంగు కింద పెట్టుకుని ఎల్లింది" అన్నాడు.

ఫ్రిజ్‌లో క్యాల్షియం పూతమందు ట్యూబులు రెండు ఉండేవి. ఆ యాసిడ్‌కి విరుగుడు అదే. తెనాలి మందుల షాపులో చెప్పి చేయించి, ఏటేటా పాతవి పారేసి కొత్తవి పెట్టేవాడు షుకూర్. జనం దాన్ని సాయిబు వెన్న అని వెక్కిరించేవారు. ఆ రెండూ జేబులో వేసుకుని బయటికి పరుగెత్తేసరికి కోటేశ్వరరావు స్కూటర్ స్టార్ట్ చేసి ఉన్నాడు. "ఎక్కు. నీ కోసం కాదు, ఆవిడ కోసం" అన్నాడు. మూడేళ్ళలో ఆయన మొహం చూసి అన్న మొదటి మాట అది.

పల్లెకి చేరేసరికి నాలుగు అవుతోంది. ఇసుకలో వలలు పరుచుకుని నలుగురు మగవాళ్ళు కూర్చున్నారు. తెల్ల డబ్బా అప్పటికే వల అంచుకు కట్టి ఉంది. షుకూర్‌ని చూడగానే నాగులు లేచి నిలబడ్డాడు. "ఏంటండీ, మీరిద్దరే వచ్చారు? పోలీసుల్ని తేలేదా?" అన్నాడు. మిగతావాళ్ళు కూడా లేచారు. ఒకడి చేతిలో తెడ్డు ఉంది.

"డబ్బా నువ్వే ఉంచుకో నాగులూ. సుబ్బులు ఏదీ?"

"దానితో నీకేం పని? దాన్ని ఏమన్నా అన్నావంటే ఇక్కడి నుంచి నడిచి వెళ్ళవు."

"తన్నాలనుంటే తర్వాత తన్ను, నిలబడతాను. ముందు దాని చేతులు చూడనీ."

ఆ మాటకి వెంకటసుబ్బులు గుడిసెలోంచి బయటికి వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. మొహం పాలిపోయి ఉంది. విసురుగా వెళ్ళి వల దగ్గర కూర్చుని పళ్ళతో తాడు ముడి ఊడదీసి, డబ్బాను ఆయన కాళ్ళ మీదికి తోసింది. "ఇదిగో నీ డబ్బా! పట్టుకుపో. వెళ్ళి సుత్తితో కొట్టుకో" అంది. తాడు ఊడదీయడానికి పళ్ళెందుకు పెట్టిందో షుకూర్‌కి వెంటనే అర్థమైంది. ఆమె వేళ్ళు వంగడం లేదు.

ఆయన అక్కడే ఇసుకలో చతికిలబడి ఆమె కుడిచెయ్యి లాక్కున్నాడు. రెండు వేళ్ళ చివర్లు తెల్లగా, నానినట్టు ఉన్నాయి. ఆముదం రాసుకుంది. నొప్పి గంట నుంచీ మొదలైందనీ, గోళ్ళ కింద ఎవరో సూదులు దించుతున్నట్టుందనీ, ఎవరికీ చెప్పలేదనీ అప్పుడు చెప్పింది. నీళ్ళు తెప్పించి కడిగి, ట్యూబు పిండి, వేళ్ళకు పట్టించి రుద్దడం మొదలుపెట్టాడు. కోటేశ్వరరావు రోడ్డు మీదికి పోయి ఆటో పట్టుకొచ్చాడు.

ఆటోలో బాపట్ల ఆసుపత్రి దాకా షుకూర్ ఆ వేళ్ళు వదల్లేదు. నొప్పి పెరిగినకొద్దీ ఆమె తిడుతూనే ఉంది. ఆయన్నీ, ఆయన డబ్బాల్నీ, ఆయన సుత్తినీ. ఆయన రుద్దుతూనే ఉన్నాడు.

"గ్లౌజులు చిరిగిపోతే అడగొచ్చు కదమ్మా" అన్నాడు మధ్యలో.

"అడక్కేం? అడుగుదామనే వచ్చాను. మూడుసార్లు వచ్చాను మీ గుమ్మం దాకా. ఒకసారి కమలమ్మని తిడుతున్నారు. ఒకసారి ఫోన్లో ఎవర్నో తిడుతున్నారు. మూడోసారి ఊరికే కూర్చున్నారు. అయినా నాకు గొంతు పెగల్లేదు. వెళ్ళిపోయాను."

ట్యూబు అయిపోయింది. రెండోది తీసి మూత విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఒక వేలు దక్కింది. రెండోదాన్ని గోరు ఉన్నమేర తీసేయాల్సి వచ్చింది. ఇంకో రెండు గంటలు ఆగితే చెయ్యి సంగతి చెప్పలేకపోయేవాడినని డాక్టరు అన్నాడు. కేంద్రంలో ఆమె పనికి ఢోకా రాలేదు. కాయితంలో ఆమె పేరు లేదు కదా, ఏం పీకుతారు? షుకూర్‌ని మాత్రం రేపల్లెలో ఉన్న విత్తనాల గోడౌనుకి మార్చారు. తెనాలి నుంచి అటువైపు వేరే రైలు. గోడౌన్లో ధాన్యం బస్తాలు తప్ప ఏమీ లేవు.

రెండు నెలల తర్వాత పాత గదికి సంబంధించిన పుస్తకాలు అప్పగించడానికి బాపట్ల వచ్చాడు. సింకు దగ్గర వెంకటసుబ్బులు గాజు గిన్నెలు కడుగుతోంది. చేతులకు కొత్త గ్లౌజులు ఉన్నాయి. కుడిచేతి గ్లౌజులో ఒక వేలి చివర ఖాళీగా మడత పడి ఉంది. ఆయన కాస్త దూరంలోనే ఆగాడు.

"బాగున్నావామ్మా?"

"బాగానే ఉన్నాను" అంది ఆమె, చెయ్యి ఆపకుండా. "కొత్తాయన మంచోడు. గ్లౌజులు అడగ్గానే ఇస్తాడు. ఒక్క మాటనడు. మొన్న మూడు డబ్బాలు కూడా ఇచ్చాడు."

"కన్నం పెట్టాడా?"

"ఎందుకు పెడతాడు? ఒకటి వలకు కట్టాం. రెండు మా తోడికోడలు మంచినీళ్ళకి పట్టుకెళ్ళింది."

షుకూర్ నోటి దాకా వచ్చిన కేకను ఆపుకోవడానికి గోడ పట్టుకున్నాడు. వీలైనంత మెత్తగా, "నీళ్ళు పొయ్యనివ్వకు తల్లీ. పిల్లలు తాగుతారు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

వెంకటసుబ్బులు కుళాయి కట్టి, అప్పుడు మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"మీకెందుకండీ ఇంక?" అంది. "తాళాలు మీ దగ్గర లేవుగా." మళ్ళీ కుళాయి తిప్పి గిన్నెలు కడుక్కోవడంలో పడింది.